కౌన్సిలర్‌గా ఎవరు మేలు: ఊరివాడా, వారసులా, వచ్చి స్థిరపడ్డవాడా?

మునిసిపల్ ఎన్నికల మాట వినబడితే చాలు, తెలిసినవాళ్ళు అడిగేది ఇదే. "మా వార్డులో ముగ్గురు నిలబడుతున్నారు. ఒకాయన ఇక్కడే పుట్టి పెరిగాడు. ఒకామె పాత కౌన్సిలర్ భార్య. ఇంకొకతను ఎక్కడినుంచో వచ్చి ఇల్లు కట్టుకుని, కాలనీ సంఘంలో తిరుగుతున్నాడు. ఎవరికి వేస్తే మంచిది?" పార్టీ సంగతి ఎవరికి వాళ్ళు ముందే తేల్చుకుని ఉంటారు కాబట్టి దాని జోలికి పోను. మనిషి పుట్టుపూర్వోత్తరాలు చూసి ఓటేద్దామనుకునేవాళ్ళ కోసమే ఇది.

ఊరివాడి బలం కాదనలేం. ఏ వీధి మురుగు ఎటు వాలుతుందో, గట్టి వాన పడితే ముందు ఎవరింట్లోకి నీళ్ళొస్తాయో, పూడ్చేసిన పాత కాలువ ఎక్కడుండేదో మ్యాపు చూడకుండా చెప్తాడు. అర్ధరాత్రి తలుపు కొడితే తిట్టుకుంటూనైనా లేస్తాడు. తెల్లారి టీ కొట్టు దగ్గర మన మొహమే చూడాలి కదా.

కానీ ఆ చుట్టరికాలే అతని కాళ్ళకు అడ్డం పడతాయి. రోడ్డు వెడల్పు చేయాలంటే ముందు కొట్టాల్సిన మెట్లు మేనమామవి. నాలా మీద రేకుల షెడ్డు వేసింది చిన్నప్పటి దోస్తు. ఫైలు అక్కడే ఆగిపోతుంది, ఎందుకాగిందో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. పైగా సొంత వార్డు అన్నది చట్టంలో అవసరమే కాదు. పట్టణ ఓటర్ల జాబితాలో పేరుంటే ఏ వార్డు నుంచైనా పోటీ చేయొచ్చు. రిజర్వేషన్ మారి తన వార్డు చేజారగానే పక్క వార్డుకెళ్ళి "నేను మీ బిడ్డనే" అని దండం పెట్టేవాళ్ళను చూస్తూనే ఉన్నాం.

ఇక కుటుంబం. 74వ రాజ్యాంగ సవరణ మహిళలకు కనీసం మూడో వంతు సీట్లు ఇవ్వాలంది. మన రెండు రాష్ట్రాలూ సగం ఇచ్చాయి. వార్డు మహిళకు రిజర్వ్ అయిన రోజే పాత కౌన్సిలర్ ఇంట్లో భార్యో, తల్లో, కోడలో అభ్యర్థి అయిపోతుంది. ఫ్లెక్సీలో ఆమె ఫొటో కంటే ఆయన ఫొటో పెద్దది. అయితే అలాంటి అందరినీ ఒకే గాటన కట్టకండి. మొదటి ఏడాది భర్త రాసిచ్చిన కాగితం చదివి, రెండో ఏడాదికి కమిషనర్‌ని నిలదీసే ఆడవాళ్ళూ ఉన్నారు. రాజకీయ కుటుంబంలో ఉన్నందుకు ఏ ఫైలు ఎవరి టేబుల్ మీద పడుకుంటుందో ఇంట్లోనే తెలిసిపోతుంది, అది చిన్న విషయం కాదు. ఆమె ఎలాంటి మనిషో తేల్చుకోవాలంటే కరపత్రం మీదున్న నంబరుకు ఒకసారి ఫోన్ చేయండి. ఎవరెత్తుతారో, "మేడం ఉన్నారా" అంటే ఏమంటారో వినండి. (కుటుంబం అంటే ఒకప్పుడు పిల్లల లెక్క కూడా ఉండేది, ఇద్దరికి మించితే పోటీకి అనర్హులే. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఆ నిబంధన ఎత్తేశారు.)

నన్నడిగితే సొంతూరు, కుటుంబం కంటే ముందు అడగాల్సింది ఒకటుంది. ఆ మనిషి ఇల్లు దేనితో గడుస్తోంది?

కౌన్సిలర్‌కు వచ్చే గౌరవ వేతనం పెట్రోలుకే చాలదు. పెళ్ళికి చదివింపులు, చావుకు సాయం, వినాయకుడికి చందా, ఇంటికొచ్చిన ప్రతివాడికీ టీ. ఎన్నికల్లో పెట్టిన ఖర్చు వీటికి అదనం. షాపో, పొలమో, వకీలు పనో, టీచర్ పింఛనో ఉన్నవాడు దీన్ని కొంతవరకు తట్టుకుంటాడు. ప్లాట్లు కొని అమ్మడం, సివిల్ కాంట్రాక్టులు చేయడమే బతుకుదెరువు అయినవాడికి కౌన్సిల్ హాలు కూడా వ్యాపారమే. మునిసిపాలిటీ కాంట్రాక్టులో వాటా ఉన్నవాడు కౌన్సిలర్‌గా ఉండకూడదని చట్టం ఉంది. అందుకే సిమెంటు రోడ్డు పని బామ్మర్ది పేరు మీద ఉంటుంది.

ఇల్లు కట్టినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తెలంగాణలో 2020లో ఇళ్ళ అనుమతులకు టీఎస్-బీపాస్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చాక 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకోవడానికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల వరకైతే సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి. ఇందులో ఎక్కడా కౌన్సిలర్ సంతకం లేదు. అయినా స్లాబ్ పోసే రోజు, మిల్లర్ తిరుగుతూ కూలీలు తట్టలు అందించుకుంటూ ఉండగా, బైకు మీద ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి ఆగుతారు. "ఇంటి చుట్టూ సెట్‌బ్యాక్ ఖాళీ సరిగ్గా వదల్లేదంట కదా అంకుల్. ఒకసారి అన్నని కలవండి." కాంక్రీటు సగంలో ఆపలేరని వాళ్ళకూ తెలుసు.

కరపత్రం మీద వృత్తి అడిగితే అందరూ సంఘసేవకులే. నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్ చూడండి. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అందులో రాయాల్సిందే. జనం కేసుల దగ్గర ఆగిపోతారు. నేను భూముల దగ్గర ఆగుతాను. అభ్యర్థివీ, భార్యవీ స్థలాల సర్వే నంబర్లు ఊరి చివర వెంచర్ పడ్డ చోటే వరుసగా ఉంటే, ఆ వార్డులో పార్కుకు వదిలిన జాగా మీద నాకు టెన్షన్ మొదలవుతుంది.

ఇలా చూసినప్పుడు వచ్చి స్థిరపడ్డవాడిని "మనూరివాడు కాదు" అని కొట్టిపారేయలేం. టంగుటూరి ప్రకాశం పుట్టింది 1872లో వినోదరాయునిపాలెంలో. తండ్రి పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పెంచింది. మాస్టారు హనుమంతరావు నాయుడు వెంట రాజమండ్రి వెళ్ళి, అక్కడే ప్లీడరుగా నిలదొక్కుకున్నాడు. 1904లో ఆ ఊరి మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యాడు. రాజమండ్రిలో ఆయనకు తాతల నాటి ఇల్లు లేదు, చేతిలో సొంత వృత్తి ఉంది.

అలాగని ఈ రకం వాళ్ళలో లోపం లేదనను. వీళ్ళకు వార్డంటే తమ కాలనీయే. సీసీ కెమెరాలు, పార్కులో బెంచీలు, గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ చకచకా వస్తాయి. కట్ట కింద గుడిసెల్లో కుళాయికి మూడు రోజులకోసారి నీళ్ళొస్తున్నాయని మాత్రం వాళ్ళకు ఎవరో చెప్పాలి. ఆ వైపు ఎప్పుడైనా నడిచాడా అని అక్కడివాళ్ళనే అడగండి. నడిచాడంటే, సొంత సంపాదన కూడా ఉంటే, ముగ్గురిలో నా మొగ్గు అతని వైపే.

ఎమ్మెల్యే వెనక కారెక్కే అనుచరుడు, అమెరికా నుంచి దిగి నెల తిరక్కుండా టికెట్ తెచ్చుకున్నవాడు ఇలా ఇంకా కొందరుంటారు. మొదటివాడికి ఓటేస్తే వార్డుకు వచ్చేది ఎమ్మెల్యే మాటే. రెండోవాడి గురించి వచ్చే ఎన్నికలకు మాట్లాడుకుందాం, అప్పటికి ఇక్కడే ఉంటే.

వచ్చి స్థిరపడ్డవాడు రంగంలోనే లేకుండా, ప్లాట్ల బేరాలు చేసే ఊరివాడికీ, తల్లి కౌన్సిలర్‌గా చేసినా తను మెడికల్ షాపు నడుపుకునే కొడుకుకీ మధ్య పోటీ అయితే, వారసత్వం మీద నాకెంత చిరాకున్నా ఓటు మెడికల్ షాపుకే.