పెనాంగ్‌లో కొంగ్సిలు: ఏది ముందు చూడాలి, ఎక్కడ దిగాలి

కొంగ్సి అంటే ఒకే ఇంటిపేరున్న చైనీయుల వంశ సంఘం, దాని గుడి. మలేసియాలోని పెనాంగ్ ద్వీపంలో జార్జ్‌టౌన్ వెళ్ళినవాళ్ళు చాలామంది ఖూ వంశంవాళ్ళ ఖూ కొంగ్సి మెట్లెక్కి, కప్పు మీది బొమ్మల కింద ఫోటో దిగి వచ్చేస్తారు. అసలు సరుకంతా కింది అంతస్తు మ్యూజియంలో ఉంది. టికెట్ కొన్నాక దాన్ని వదలొద్దు.

కౌలాలంపూర్ నుంచి బటర్‌వర్త్‌కి ఈటీఎస్ అనే ఎలక్ట్రిక్ రైలు, అక్కడి నుంచి జార్జ్‌టౌన్‌కి ఫెర్రీ. దిగిన చోటి నుంచి చూ జెట్టీకి నడిచిపోవచ్చు. సముద్రంలో గుంజల మీద కట్టిన ఇళ్ళవి. చాలా జెట్టీలు ఒక్కో ఇంటిపేరువాళ్ళవి. అప్పట్లో చైనా నుంచి కొత్తగా ఓడ దిగినవాడికి తన ఇంటిపేరు జెట్టీలోనే చోటు, పడవ సరుకు మోసే పని. ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు, గుమ్మాల్లోకి తొంగిచూడకండి.

తర్వాత అర్మేనియన్ వీధి 57వ నంబరు, హాక్ టేక్ చెంగ్ సిన్ గుడి. నా లెక్కలో ఖూ కొంగ్సి కన్నా ముందు చూడాల్సింది ఇదే. తువా పెక్ కాంగ్ అనే చైనీయుల రహస్య సంఘం అడ్డా ఇక్కడే ఉండేది. జబ్బు చేస్తే ఆసరా, చనిపోతే శవసంస్కారం, దెబ్బలాటకి మనుషులు... అన్నీ ఒకే సంఘం చూసుకునేది. 1867 ఆగస్టులో ఈ సంఘమూ, దాని ప్రత్యర్థి ఘీ హిన్ అనే మరో చైనీయుల రహస్య సంఘమూ పది రోజులు వీధుల్లో కొట్టుకున్నాయి. ముస్లింల ఎర్రజెండా సంఘం తువా పెక్ కాంగ్ వైపు, తెల్లజెండా సంఘం ఘీ హిన్ వైపు. చివరికి నాలుగింటికీ తలా 5,000 డాలర్ల జరిమానా పడింది. ఆ డబ్బుతో పోలీసు స్టేషన్లు కట్టారు!

అక్కడి నుంచి సందులోంచి ఖూ కొంగ్సి. 1901లో తగలబడితే 1906కల్లా ఇప్పటి గుడి పూర్తయింది. చుట్టూ తమవాళ్ళ ఇళ్ళు, లోపలికి ఇరుకు దారులు. ఎందుకంత ఇరుకో 57వ నంబరు చూసొచ్చినవాళ్ళకి చెప్పక్కర్లేదు: అలాంటి దెబ్బలాటల్లో కాచుకోవడానికే. గోడల పలకల మీద వంశంవాళ్ళ పదవులు, డిగ్రీలు బంగారు అక్షరాల్లో ఉంటాయి.

ఓపికుంటే చర్చ్ వీధిలోని పెరనాకన్ మాన్షన్ (పెరనాకన్లంటే ఇక్కడ తరాలుగా స్థిరపడిన చైనీయుల సంతతి). హై సన్ అనే మరో రహస్య సంఘం నాయకుడు చుంగ్ కెంగ్ క్వీ, ప్రత్యర్థి ఘీ హిన్ స్థలం కొని కట్టిన ఇల్లది. నగలు, పింగాణీ చూడ్డంలోనే టైమైపోతుంది. పక్కనున్న ఆయన గుడి, అందులో ఆయన నిలువెత్తు కంచు విగ్రహం మర్చిపోకండి.

శాకాహారులకి లిటిల్ ఇండియా దగ్గరే, ఇడ్లీ, అరిటాకు భోజనం దొరుకుతాయి. అర్మేనియన్ వీధి పాత షాప్‌హౌస్ (కింద కొట్టు, పైన ఇల్లు) గదులు అన్నిటికీ దగ్గరే గానీ, చెక్కమెట్లు నిటారుగా ఉంటాయి, పెద్ద సూట్‌కేసుతో నరకం. కిటికీ లేని గదులూ అమ్ముతారు, బుక్ చేసేముందే అడగండి.