ఒకే ముసలమ్మ, రెండు ఇంటర్వ్యూలు: లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ బానిసత్వ కథనాలు క్లాసులో ఎలా పనికొచ్చాయి

టెక్సాస్‌లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో పదకొండో తరగతికి అమెరికా చరిత్ర చెబుతాను. నా క్లాసులో ఏటా నలుగురైదుగురు తెలుగు పిల్లలుంటారు. వాళ్ల అమ్మానాన్నలు నన్ను తరచూ అడిగేది ఒకటే: బానిసత్వం గురించి పాఠంలో ఉన్నది చాలదా, ఇంత కష్టమైనవన్నీ పిల్లలతో ఎందుకు చదివించాలి? వాళ్లకు నేను చూపించేది అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్లో ఉన్న ‘బార్న్ ఇన్ స్లేవరీ’ (బానిసత్వంలో పుట్టినవాళ్లు) సేకరణ. ఆరేళ్లుగా వాడుతున్నాను.

1930ల ఆర్థిక మాంద్యంలో పని లేని రచయితలకు ప్రభుత్వం జీతమిచ్చి పెట్టుకున్న పనుల్లో ఇదొకటి. 1936 నుంచి 1938 వరకు వాళ్లు ఊరూరా తిరిగి, ఒకప్పుడు బానిసలుగా బతికినవాళ్లను కలిసి, వాళ్లు చెప్పింది రాసుకున్నారు. 2,300కు పైగా కథనాలు, 500కు పైగా ఫొటోలు, మొత్తం 17 సంపుటాలు. డబ్బు కట్టక్కర్లేదు, అకౌంటూ అక్కర్లేదు. రాష్ట్రాన్ని బట్టి, పేరును బట్టి వెతుక్కోవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఏమిటంటే, నాటి టైపు కాగితం స్కాన్ అలాగే కనిపిస్తుంది. కొట్టివేతలు, చేత్తో రాసిన దిద్దుబాట్లు చూడగానే, ఇది ఒక మనిషి కూర్చుని రాసిన కాగితం అని పిల్లలకు తెలిసిపోతుంది.

అంతకు ముందు నేను డబ్బు పెట్టి కొన్న ఒక రెడీమేడ్ పాఠాల ప్యాకేజీ వాడేవాణ్ణి. అందులో ప్రతి కథనాన్నీ ఒక పేరాకు కుదించి, భాషంతా నునుపు చేసి, కింద నాలుగు ప్రశ్నలిచ్చారు. జవాబు పై వాక్యంలోనే ఉండేది. పిల్లలు పది నిమిషాల్లో ముగించి ఫోన్లు తీసేవాళ్లు. మనుషులను అమ్మి కొన్న చరిత్రను పది నిమిషాల్లో దాటేస్తుంటే నాకు మనసొప్పలేదు.

ఈ సేకరణలో నేను ఏటా తప్పకుండా చెప్పేది దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో ఉన్న ఒక ముసలావిడ గురించి. 14వ సంపుటంలో ఉంటుంది. పేరు ఒకచోట సూసన్ హామ్లిన్ అని, ఇంకోచోట సూసన్ హామిల్టన్ అని ఉంటుంది కాబట్టి రెండు పేర్లతోనూ వెతకాలి. 1937లో ఆమెను ఇద్దరు వేర్వేరుగా కలిశారు. జెస్సీ బట్లర్ అనే తెల్లావిడ రాసిన కథనంలో యజమాని ఫుల్లర్ మంచివాడు, వాళ్ల కుటుంబమంతా మంచిదే. ఆగస్టస్ లాడ్సన్ అనే నల్లజాతి రచయిత రాసినదాంట్లో ఆమె మాటే మారిపోతుంది. ఒకరిని కొరడాతో కొడుతుంటే మిగతా బానిసలందరినీ నిలబెట్టి చూపించేవారని చెబుతుంది. రాత్రి పెళ్లయిన జంటలో భార్యను తెల్లారేసరికి అమ్మేశారని, ఆ పిల్ల తల్లి వీధిలో నిలబడి దొరసానిని నోటికొచ్చినట్టు తిట్టిందని చెబుతుంది.

మొదట ఎవరు రాశారో చెప్పకుండా రెండూ ఇస్తాను. ‘ఈ ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు’ అంటారు పిల్లలు. ఇద్దరూ ఒకరే అని చెప్పగానే క్లాసంతా నిశ్శబ్దం. తర్వాత బట్లర్ కాగితాన్ని మళ్లీ చదవమంటాను. ‘మీరు వెల్ఫేర్ ఆఫీసు నుంచి వచ్చారా’ అని ముసలావిడ ఆమెను అడిగిన మాట అక్కడే దొరుకుతుంది. వెల్ఫేర్ ఆఫీసంటే పేదలకు సాయమిచ్చే ఆఫీసు. మాంద్యం రోజులు, చేతిలో డబ్బు లేదు, వాకిట్లో తెల్లావిడ. పెద్దింటివాళ్ల ముందు ఒక మాట, మన అరుగు మీద ఒక మాట ఎందుకుంటాయో తెలుగు ఇళ్లలో పెరిగినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. పోయినేడు ఒక అమ్మాయి మాత్రం, ‘లాడ్సన్ కూడా తను వినాలనుకున్నదే రాసుకుని ఉండొచ్చు కదా’ అంది. ఆ ప్రశ్న మీదే మిగతా పీరియడంతా గడిచింది. ఒక్క కథనమే ఇచ్చి ఉంటే ఆ ప్రశ్న వచ్చేది కాదు.

టెక్సాస్ పిల్లలకు 16వ సంపుటంలోని ఫీలిక్స్ హేవుడ్ కూడా చదివిస్తాను. శాన్ ఆంటోనియోలో మాట్లాడేనాటికి ఆయనకు 92 ఏళ్లు. ఉత్తరానికి పారిపోవాల్సిన అవసరమే లేదని, దక్షిణానికి నడిచి, మెక్సికో సరిహద్దులోని రియో గ్రాండె నది దాటితే స్వేచ్ఛేనని అంటాడు. మెక్సికో 1829లోనే బానిసత్వాన్ని రద్దు చేసింది. పారిపోవడమంటే ఉత్తరానికేనని పుస్తకంలో చదువుకున్న పిల్లలు మ్యాపు తెరిచి, ఆ నదికి మనమెంత దూరంలో ఉన్నామో కొలుస్తారు.

ఇబ్బందులు లేకపోలేదు. రచయితలు చాలామంది మాటల యాసను తమకు తోచినట్టు స్పెల్లింగులు విరిచి రాశారు. జాతిని కించపరిచే పదాలు అలాగే ఉన్నాయి. మొదటి ఏడాది నేను పిల్లలతో పైకి చదివించాను. ఒకబ్బాయి ఆ యాసను అనుకరిస్తూ చదివాడు, ఇద్దరు ముగ్గురు నవ్వారు. వెనక బెంచీలో కూర్చున్న నల్లజాతి అమ్మాయి తల వంచుకుంది. ఆ తప్పు నాది. ఆ రోజు సాయంత్రం ఆ అమ్మాయికి, వాళ్లమ్మకు క్షమాపణ చెప్పాను. అప్పటి నుంచి ఎవరికి వాళ్లు మౌనంగా చదువుకోవడమే. కథనాల భాష గురించి సైట్లో ఒక నోట్ ఉంది, ముందు టీచరు దాన్ని చదవాలి. ఇంకొకటి: వీళ్లలో ఎక్కువమంది బానిసత్వం ముగిసేనాటికి చిన్నపిల్లలు. ముసలితనంలో, ఆకలి రోజుల్లో గుర్తు చేసుకుంటున్నారు. ‘అప్పుడు తిండి బాగుండేది’ అన్న మాట వచ్చిన చోటల్లా దీన్ని గుర్తు చేయకపోతే పిల్లలు తప్పుదారి పడతారు.

అందుకే ఇదొక్కటే సరిపోదు. నేను దీని పక్కన 1769 సెప్టెంబరులో వర్జీనియా గెజెట్ అనే వార్తాపత్రికలో థామస్ జెఫర్సన్ ఇచ్చిన ప్రకటన పెడతాను. పారిపోయిన శాండీ అనే మనిషిని పట్టిస్తే బహుమానమిస్తానని అందులో ఉంది. చెప్పులు కుడతాడు, ఎక్కువగా ఎడమ చేతినే వాడతాడు, మోటు వడ్రంగం వచ్చు, వెళ్తూ ఒక తెల్ల గుర్రాన్ని, తన పనిముట్లను తీసుకెళ్లాడు అని యజమానే రాశాడు. ‘పనిముట్లు ఎందుకు తీసుకెళ్లాడు’ అని అడిగితే చాలు, శాండీ రేపటి గురించి ఏం ఆలోచించాడో పిల్లలే చెబుతారు. 1773లో జెఫర్సన్ అతన్ని 100 పౌండ్లకు అమ్మేశాడు. మనుషులంతా సమానంగా పుట్టారనే అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను ఆ జెఫర్సనే రాసింది 1776లో. ఈ రెండు సంవత్సరాలు బోర్డు మీద పక్కపక్కన రాసి ఊరుకుంటాను.

టీచర్లకే కాదు, పిల్లలతో కూర్చుని చదివే ఓపిక ఉన్న తల్లిదండ్రులకూ ఈ సేకరణను గట్టిగా సిఫార్సు చేస్తాను. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు మాత్రం వద్దు. సంపుటమంతా ఒకేసారి తెరిస్తే తలమునకలవుతారు, వారానికి రెండు కథనాలు చాలు. కథనంలోకి వెళ్లే ముందు కాగితం పైభాగంలో ఉన్న ఊరు, తేదీ, రాసినవాళ్ల పేరు పిల్లల చేత నోట్‌బుక్‌లో రాయించండి. నా క్లాసులో మొదటి పది నిమిషాలు దానికే.