1966 మస్టాంగ్‌కి బ్రేసులు: కొన్నేళ్లు నడిపాక నా సమీక్ష

పాత ఫోర్డ్ మస్టాంగ్ కారుకి బ్రేసులు, అంటే బాడీ మెలి తిరగకుండా పట్టి ఉంచే ఇనప కమ్మీలు, వేయించాలనుకునేవాళ్లు ముందు బానెట్ ఎత్తి చూస్తారు. నలుగురికీ చూపించుకునే సామాను అక్కడే ఉంటుంది మరి. నా కారులో అసలు తేడా తెచ్చింది మాత్రం, కిందికి దూరితే తప్ప కనిపించని రెండు ఇనప గొట్టాలు.

నాది 1966 హార్డ్‌టాప్. 289 ఘనపు అంగుళాల వీ8 ఇంజన్, నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్, ఫ్యాక్టరీ లెక్క ప్రకారం 225 హార్స్‌పవర్. ఉండేది టెక్సాస్‌లో. ఇక్కడి కాంక్రీటు హైవేల మీద అతుకు దాటిన ప్రతిసారీ స్టీరింగ్ కాలమ్ వణికేది, తలుపు అద్దాలు టకటకలాడేవి. వెనక చక్రం దగ్గర జాకీ పెట్టి లేపితే ఆ వైపు తలుపు మూసుకోవడానికి మొరాయించేది. ఈ పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

కారణం కారు పుట్టుకలోనే ఉంది. ఫోర్డ్ దీన్ని తన చౌక కారు ఫాల్కన్ పునాది మీద కట్టి 1964 ఏప్రిల్‌లో అమ్మకానికి పెట్టింది. విడిగా ఛాసిస్ అంటూ లేదు, రేకులన్నీ కలిపి వెల్డ్ చేసిన యూనిబాడీ. బాడీ కింద పొడుగునా ఉండే ముందు రైళ్లు (ఉక్కు దూలాలు) ముందు సీట్ల కింద ఆగిపోతాయి. వెనక రైళ్లు వెనక సీటు ముందర మొదలవుతాయి. మధ్యలో భారం మోసేది ఫ్లోర్ రేకూ, తలుపుల కింది రాకర్లే. హార్డ్‌టాప్‌లో తలుపు వెనక పైదాకా స్తంభం కూడా ఉండదు కాబట్టి మెలిక ఇంకాస్త ఎక్కువ.

నేను మొదట చెప్పిన రెండు గొట్టాలు, అంటే సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు, ముందు వెనక రైళ్లను కలిపి ఆ ఖాళీని పూడుస్తాయి. వీటిలో రెండు రకాలు: బోల్టులతో బిగించేవి, వెల్డ్ చేసేవి. బోల్టువి వద్దంటే తిరిగి విప్పుకోవచ్చు. కానీ పల్చటి రేకులో వేసిన రంధ్రం కొన్నాళ్లకు సాగుతుంది, సాగాక బ్రేస్ ఉన్నా లేనట్టే. నేను ఫ్లోర్ వంపును అనుసరిస్తూ పోయే వెల్డింగ్ రకం తీసుకున్నాను. రెండు కొసల్లోనే కాక పొడుగునా ఫ్లోర్‌కి కూడా అతుకుతుంది, నేలకి మరీ దగ్గరగా వేలాడదు. సామాను ధర కంటే పని ఖర్చే ఎక్కువైంది.

వీటి జోలికి పోయే ముందు తుప్పు చూడాలి. ఈ కార్లలో విండ్‌షీల్డ్ కింద గాలి లోపలికి వచ్చే కౌల్ తుప్పుపట్టి కారుతుంది, ఆ నీళ్లు నేరుగా కాళ్ల దగ్గర ఫ్లోర్ మీదికి చేరతాయి. పుచ్చిన రేకుకి గట్టి గొట్టం అతికిస్తే గొట్టం బాగానే ఉంటుంది, పక్కన రేకు చిరుగుతుంది. నా కారుకి డ్రైవర్ వైపు ఫ్లోర్ ముక్క మార్పించాకే మిగతా పని మొదలైంది.

వెల్డింగ్ జరిగేటప్పుడు కారు బరువు చక్రాల మీదే ఉండాలి. ఒక షాపువాళ్లు రెండు స్తంభాల లిఫ్ట్ మీద వేలాడదీసి చేసేస్తామన్నారు, నమస్కారం పెట్టి వచ్చేశాను. అలా చేస్తే బాడీ ఏ వంపులో ఉందో ఆ వంపులోనే బిగుసుకుంటుంది, తర్వాత తలుపులు ఎంత సర్దినా కుదరవు. చివరికి ఒక మిత్రుడి గ్యారేజీలో, చక్రాలతో ఎక్కించే నాలుగు స్తంభాల లిఫ్ట్ మీద చేయించాం. బ్యాటరీ తీగలు పీకాం. సీట్లు, కార్పెట్, దాని కింది పీచు మెత్త అన్నీ బయటపెట్టాం. పెట్రోల్ గొట్టం, బ్రేక్ గొట్టం, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ఎక్కడెక్కడ పోతున్నాయో చూసుకుని పక్కకి జరిపాం. కింద ఒకరు వెల్డ్ చేస్తుంటే పైన ఇంకొకరు మంటలార్పే సిలిండర్‌తో కాపలా. ఒకేచోట గీత లాగకుండా అటు కొంచెం, ఇటు కొంచెం వేస్తే రేకు వేడికి మెలి తిరగదు. తర్వాత కాలిన చోటల్లా ప్రైమర్, సీమ్ సీలర్, గొట్టాల లోపల మైనం స్ప్రే. ఈ చివరి పని విసుగు పుట్టిస్తుంది, చాలామంది ఎగ్గొడతారు. ఎగ్గొడితే తుప్పు లోపలినుంచి మొదలవుతుంది.

ఇక బానెట్ కింద సంగతి. ఈ కారులో ముందు స్ప్రింగ్, చక్రాన్ని పట్టే పై ఆర్మ్ మీద కూర్చుని, ఇంజన్ పక్కన లేచి ఉండే రేకు గూడు షాక్ టవర్‌కి ఆనుతుంది. గుంత దెబ్బంతా టవర్‌దే. ఏళ్లు గడిచేకొద్దీ రెండు టవర్లూ లోపలికి వాలతాయి. వాటిని ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ సీట్లకీ మధ్య ఉండే గోడ) వైపు పట్టి ఉంచేందుకు ఫ్యాక్టరీ రెండు విడి బ్రేసులు ఇచ్చింది. వాటి స్థానంలో వచ్చే ఒకే ముక్క ఎక్స్‌పోర్ట్ బ్రేస్, గతుకుల రోడ్లున్న దేశాలకు పంపే కార్ల కోసం చేసింది. టవర్లకి అడ్డంగా పడే మాంటే కార్లో బార్‌కి ఆ పేరు అక్కడి ర్యాలీల్లో పరుగెత్తిన ఫాల్కన్ల వల్ల వచ్చింది. మస్టాంగ్‌నే రేసు తరహాలో మార్చిన 1965 షెల్బీ జీటీ350లో రెండూ ఉన్నాయి.

ఎక్స్‌పోర్ట్ బ్రేస్ పెట్టబోతే రంధ్రాలు కలవలేదు. బ్రేస్ తప్పుగా చేశారని కాదు, టవర్లే వాలాయి. వాటిని మెల్లగా బయటికి నెట్టి బిగించాల్సి వచ్చింది. ఆ తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి, ఎందుకంటే క్యాంబర్, అంటే చక్రం లోపలికో బయటికో వాలే కోణం, మారిపోతుంది. దీని ఫలితం స్టీరింగ్‌లో తెలిసింది. మలుపు మధ్యలో గతుకు తగిలినా చేతికి జర్క్ తక్కువ.

మాంటే కార్లో బార్ విషయంలో నాకంత ఉత్సాహం లేదు. ఎక్స్‌పోర్ట్ బ్రేస్ ఉన్నాక, రోడ్డు మీద నడిపే వేగాలకు దీనితో వచ్చిన తేడా నాకు అంతుపట్టలేదు. ట్రాక్ మీద తిప్పేవాళ్లకి తెలుస్తుందేమో. పైగా ఇంజన్ ముందు భాగంలో ఏ పని పడినా అది విప్పాల్సిందే. కొనేవాళ్లు తిన్నటిది కాకుండా వంపుది తీసుకుంటే ఎయిర్ క్లీనర్‌కి తగిలే బాధ తగ్గుతుంది.

ఇన్నేళ్ల తర్వాత కనెక్టర్ల వెల్డింగ్ ఎక్కడా పగల్లేదు. జాకీ పరీక్షలో తలుపు మామూలుగా పడుతోంది. షాకులు (షాక్ అబ్జార్బర్లు) మార్చినప్పుడు వాటి పని స్పష్టంగా తెలిసింది. అంతకుముందు షాకులు కదలాల్సిన చోట బాడీ కదిలేది. ఒక చిక్కు ఏమిటంటే, పెద్ద వణుకు పోయాక చిన్న చప్పుళ్లన్నీ వినపడటం మొదలయ్యాయి: డ్యాష్‌బోర్డు స్క్రూలు, వెనక అద్దం రబ్బరు, అరిగిన స్ప్రింగ్ బుష్‌లు. మా బావమరిది ఎక్కి కూర్చుని, "ఇన్ని కొత్త చప్పుళ్ల కోసమా బావా ఇంత ఖర్చు?" అన్నాడు. అవి కొత్తవి కావని వాడికి చెప్పి ఒప్పించలేకపోయాను. ఎగ్జాస్ట్ గొట్టాలు కూడా కనెక్టర్‌కి తగలకుండా హ్యాంగర్లు సర్దాల్సి వచ్చింది.

కారుని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచి పోటీల్లో పెట్టాలనుకునేవాళ్లు వెల్డింగ్ జోలికి పోకూడదు. వాళ్లకి ఎక్స్‌పోర్ట్ బ్రేస్ చాలు, పాత బ్రేసులు దాచుకుంటే ఎప్పుడైనా తిరిగి పెట్టుకోవచ్చు. కన్వర్టిబుల్ (పైకప్పు మడిచే రకం) ఉన్నవాళ్లకి ఇంకో మాట: దానికి ఫ్యాక్టరీయే రాకర్లు మందంగా చేసి, సీట్ల కింద అదనపు రేకు వేసింది. హార్డ్‌టాప్ కనెక్టర్ ఆ రేకుకి అడ్డం తగులుతుంది, అందుకే ఆర్డర్ పెట్టేటప్పుడు బాడీ రకం చెప్పి మరీ తీసుకోండి. 1967 మోడల్ కారు వెడల్పు పెరిగింది కాబట్టి దాని ఎక్స్‌పోర్ట్ బ్రేస్ 1966కి సరిపోదు.