నా ఎడమకాలి దొంగాటను పట్టుకున్న పట్టీ

పోయిన మే నెలలో మా తమ్ముడు డాలస్ నుంచి వస్తూ పిల్లలకు చాక్లెట్లు, మా ఆయనకు షేవింగ్ కిట్టు, నాకు ఒక నల్లటి పట్టీ తెచ్చాడు. గార్మిన్ హెచ్‌ఆర్‌ఎం-ప్రో ప్లస్, గుండె వేగాన్నీ పరుగు తీరునూ కొలిచేది. ఛాతీ చుట్టూ కట్టుకుని పరుగెత్తాలి. అక్కడ ధర 129.99 డాలర్లట. రూపాయల్లోకి మార్చి చూసుకుని, "ఈ డబ్బుకి మంచి బూట్లు వచ్చేవి కదరా" అన్నాను. "బూట్లు ఇప్పటికే మూడు జతలు కొన్నావు కదక్కా, మోకాలు తగ్గిందా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నాకు 46 ఏళ్లు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఐదేళ్లుగా వైజాగ్ బీచ్ రోడ్డు మీద వారానికి నాలుగు రోజులు పరుగెడుతున్నాను. వేగం అడక్కండి, కిలోమీటరుకు ఏడు నిమిషాల ఇరవై సెకన్లు. రెండేళ్లుగా నాలుగో కిలోమీటరు దాటగానే కుడి మోకాలి పక్కన నొప్పి మొదలవుతోంది. ఒక బూట్ల షాపులో ట్రెడ్‌మిల్ మీద ఇరవై సెకన్లు పరుగెత్తించి, "మేడమ్, మీ పాదం లోపలికి వాలుతోంది" అని ఖరీదైన జత అంటగట్టారు. నొప్పి మాత్రం కొత్త బూట్లతో కూడా హాయిగా పరుగెత్తింది.

ఇక పట్టీ సంగతి. నా చేతికి గార్మిన్ వాళ్లదే ఫోర్‌రన్నర్ 255 గడియారం ముందే ఉంది. నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నాం, పాదం నేల మీద ఎంతసేపు ఉంటోంది, ఒళ్లు ఎంత ఎత్తు ఎగిరి పడుతోంది వంటివి అది ఒక్కటే చెప్పేస్తుంది. ఎడమకాలు, కుడికాలు నేల మీద గడిపే సమయంలో ఒక్కోదాని వాటా ఎంతో తెలియాలంటే మాత్రం పట్టీ కావాలి. కాళ్లకేమీ కట్టక్కర్లేదు. రొమ్ము ఎముక దగ్గర కూర్చునే చిన్న డబ్బాలోని యాక్సెలరోమీటర్ (కదలికను కొలిచే భాగం) మొండెం ఊపును బట్టి ఏ కాలు ఎప్పుడు దిగిందో, ఎప్పుడు లేచిందో పట్టేస్తుంది. షూ లేసుకు తగిలించే పాడ్‌లు కూడా ఉన్నాయి కానీ నేను వాడలేదు.

ఆడవాళ్ల కోసం ఒక మాట. స్పోర్ట్స్ బ్రా అడుగు అంచు, ఈ పట్టీ సరిగ్గా ఒకే చోటికి వస్తాయి. మొదటివారం పట్టీని అంచు కిందకి తోసి బిగించేశాను. వైజాగ్ ఉక్కపోత, పైగా జూన్. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే చుర్రుమంది. తప్పు నాదే, అంత బిగించక్కర్లేదు. ఇప్పుడు కొంచెం వదులు చేసి, కాస్త కొబ్బరినూనె రాసుకుని కట్టుకుంటున్నాను. నూనె పక్కలకే, గుండె చప్పుడు పట్టే తడి భాగాలకు అంటకూడదు. వాటిని కట్టుకునే ముందు నీళ్లతో తడపాలి. వచ్చాక పట్టీని కుళాయి కింద జాడించి ఆరేయాలి, లేకపోతే ఉప్పు పేరుకుంటుంది. లోపల ఉండేది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ. రోజుకు గంట వాడితే ఏడాది వస్తుందని కంపెనీ మాట. ఎనిమిది నెలలైంది, ఇంకా మార్చలేదు.

మొదటి ఐదు కిలోమీటర్ల తర్వాత అంకెలు ఇవి. నిమిషానికి 156 అడుగులు, పాదం నేల మీద 300 మిల్లీసెకన్లు, పైకీ కిందికీ ఊపు 8.4 సెంటీమీటర్లు. ఎడమ 48.1, కుడి 51.9 శాతం. యాప్‌లో ఊపు ఒక్కటే ఆకుపచ్చ, మిగతావన్నీ నారింజ రంగు. ఫెయిలైన ప్రోగ్రెస్ కార్డు చూసినట్టే ఉంది. ఇక్కడ నేను పొరపాటుపడ్డాను. నెమ్మదిగా పరుగెత్తేవాళ్ల పాదం నేల మీద ఎక్కువసేపు ఉండటం సహజం. ఆ రంగు పరుగువీరుల గుంపులో నా స్థానం చెబుతుందే తప్ప నా ఒంట్లో తప్పు ఉందని కాదు. ఇది అర్థమవడానికి రెండు వారాల టెన్షన్ ఖర్చయింది.

48.1, 51.9 మాత్రం వదల్లేదు. లెక్కలు చెప్పేదాన్ని కదా, కాగితం తీశాను. రెండు కాళ్లూ కలిపి 600 మిల్లీసెకన్లు అనుకుంటే తేడా సుమారు 23. కంటిరెప్ప పాటు కూడా కాదు. కానీ ఐదు కిలోమీటర్లలో నేను 5,700 అడుగులు వేస్తాను, అంటే 2,850 జతలు. గుణిస్తే 65 సెకన్లు. ప్రతి ఉదయం నా కుడికాలు ఎడమకాలి కంటే నిమిషానికి పైగా ఎక్కువ డ్యూటీ చేస్తోందన్నమాట.

రోడ్డు వాలు వల్లేమో అనుకున్నాను. బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ అనే చోటి నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియం మీదుగా వెళ్తుంటే సముద్రం కుడిచేతి వైపు, తిరిగొచ్చేటప్పుడు ఎడమవైపు. నేను రెండుసార్లూ సముద్రం వైపు అంచునే పట్టుకుంటాను. తప్పు రోడ్డుదే అయితే వెనక్కి తిరిగాక అంకెలు కూడా తారుమారవ్వాలి. మూడు రోజులు చూశాను, అవ్వలేదు. తప్పు నాదే.

అప్పుడు గుర్తొచ్చింది. పెళ్లైన కొత్తలో సింహాచలం మెట్ల మీద ఎడమ చీలమండ మెలిక పడింది. పసుపు పట్టు వేసి, నెలరోజులు కుంటి మర్చిపోయాను. ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి దగ్గరకు వెళ్తే, నా గ్రాఫులేవీ చూడకుండానే, "ఆంటీ, కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడండి" అంది. కుడికాలి మీద 25 సెకన్లు. ఎడమకాలి మీద ఆరు. తూలి ఆమె బల్ల పట్టుకున్నాను. ఎడమకాలు ఇరవై ఏళ్లుగా "నేను దిగను, నువ్వు దిగు" అని దొంగాట ఆడుతుంటే, ఆ భారమంతా కుడి మోకాలు మోసింది.

ఆమె రాసిచ్చింది చాలా చవక: మెట్టు అంచున ఒంటికాలితో మడమ ఎత్తడం, పళ్లు తోముకునేటప్పుడు ఎడమకాలి మీద నిలబడటం. దాంతోపాటు అడుగుల సంఖ్య కొంచెం పెంచమంది. 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుందని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో చూపారు. నిమిషానికి 180 అడుగులు వేయాలని అందరూ చెప్పే అంకె వెనుక కోచ్ జాక్ డేనియల్స్ ఉన్నాడు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పరుగెత్తినవాళ్ల అడుగులు లెక్కపెట్టాడాయన. వాళ్లు ఒలింపిక్స్‌కి వెళ్లారు, నేను స్కూలుకి వెళ్లాలి. 156 మీద 5 శాతం కలిపి గడియారంలోని మెట్రోనోమ్ 164కి పెట్టుకున్నాను. అది టిక్కుటిక్కుమంటుంటే పక్కనుంచి నడుస్తున్న ఒక పెద్దాయన, "ఏంటమ్మా, మందు టైమా?" అని అడిగాడు.

పైకెగరడం తగ్గించే విద్య మాత్రం పట్టీ నేర్పలేదు. పెదజాలారిపేట దగ్గర తెల్లవారుజామున చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని గబగబా వెళ్లే ఆడవాళ్లను చూశాను. కాళ్లు చకచకా ఆడుతుంటాయి, బుట్ట మాత్రం గీత గీసినట్టు సాగిపోతుంది. నెత్తిన బుట్ట ఉందనుకుని ఒక కిలోమీటరు పరుగెత్తి చూస్తే ఊపు 8.4 నుంచి 7.7కి దిగింది.

నాలుగు నెలలకు ఎడమ 49.4, కుడి 50.6. మోకాలి నొప్పి ఎనిమిదో కిలోమీటరు దాకా రావడం లేదు. ఇందులో పట్టీ వాటా ఎంతంటే, దొంగను చూపించడం వరకే. పట్టుకుంది మెట్టు అంచు. పట్టీ లేకపోయినా మంచి ఫిజియో ఆ పరీక్షతోనే కనిపెట్టేదేమో. కానీ నేను వెళ్లేదాన్ని కాదు, కుడి మోకాలికి జండూబామ్ రాసుకుంటూ కూర్చునేదాన్ని.

కొనాలా వద్దా అంటే, ఏ నొప్పీ లేకుండా పరుగెడుతున్నవాళ్లకు అక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు అసలు వద్దు, ఉదయమంతా మణికట్టు చూసుకోవడంతోనే సరిపోతుంది. ఒకే వైపు నొప్పి పదేపదే వస్తున్నవాళ్లు, ఈ వాటా చూపించే గడియారం ఇప్పటికే ఉన్నవాళ్లు తీసుకోవచ్చు. స్నేహితుల దగ్గర ఉంటే వారం అడిగి తెచ్చుకోవడం ఇంకా మేలు, ఉతికి కట్టుకోండి.

నేనిప్పుడు ఆదివారాలే కడుతున్నాను. మొన్న పది కిలోమీటర్లు వెళ్లాను. ఏడో కిలోమీటరు వరకు 49.5, అక్కడి నుంచి 48.8కి జారింది. అలిసిపోగానే ఎడమకాలు పాత బుద్ధి చూపించింది. ఆ రాత్రి వంటింటి గడప మీద మడమలెత్తే లెక్కలో ఇంకో పదిహేను కలిపాను.