రంజాన్‌లో ఊరికి పోవడమా, కువైట్‌లోనే ఉండిపోవడమా?

రంజాన్‌కు ముందు నెల షాబాన్ వచ్చిందంటే మా రూముల్లో ఇదే పంచాయితీ. "అన్నా, లీవు రంజాన్‌లో పెట్టేదా, దాచుకునేదా?" ఈసారి కూడా ముగ్గురు అడిగారు. నేను రెండూ చేసి చూసినవాణ్ణి కాబట్టి వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ఊరికి పోతామనేవాళ్లు ముందు చెప్పేది తిండి సంగతి. పగలు నలుగురిలో తినకూడదు, తాగకూడదు, సిగరెట్ ముట్టించకూడదు. 1968 నాటి చట్టం ఇప్పటికీ ఉంది: 100 దినార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు, లేదంటే రెండూ. కారు మనదే కదా అని సిగ్నల్ దగ్గర సీసా ఎత్తినా తప్పే. ఇబ్బందే, కాదనను. కానీ నెల లీవు తగలేసుకునేంత ఇబ్బంది కాదు. మా స్టోరులో అట్టపెట్టెల వెనక ఒక మూల ఉంది. క్యారియర్ మూత చప్పుడు కాకుండా తీయడం రెండు రోజుల్లో వచ్చేస్తుంది. తాలింపు వాసనే మూతలో ఆగదు. పక్క గదిలో మా ఈజిప్టు ఫోర్‌మన్ ఉపవాసంతో ఉంటాడు, అందుకని ఆ నెలంతా నాది పెరుగన్నమే.

అసలు లెక్క గంటల దగ్గరుంది. 2010 నాటి కార్మిక చట్టం ప్రకారం మామూలుగా వారానికి 48 గంటల పని. రంజాన్‌లో అది 36. ఉపవాసం ఉన్నా లేకున్నా అంతే, జీతం కోత లేదు. వారానికి 12 చొప్పున నాలుగు వారాలకు 48 గంటలు, అంటే ఒక నిండు వారం డ్యూటీ ఊరికే కలిసొచ్చినట్టు. (సౌదీలో ఉన్నవాళ్లు ఈ లెక్క వేసుకోకండి, అక్కడి చట్టం ఈ తగ్గింపు ముస్లింలకనే రాసింది.) మనకు ఏడాదికి ఉండేది 30 రోజుల లీవు. ఆఫీసులన్నీ సగం నిద్రలో ఉండే నెలలో దాన్ని ఖర్చుపెట్టి, ఆగస్టు ఎండలో గోడౌన్ కాపలా కాయడం ఏం తెలివి?

ఆ తెలివి తక్కువ పని నేను చేశా. 2023లో ఉగాది మార్చి 22, మర్నాడే ఇక్కడ రంజాన్ మొదలు. పండక్కి ఇంట్లో ఉండాలని ఎగిరిపోయా. వారం బాగానే గడిచింది. తర్వాత పిల్లలు పరీక్షల్లో, మిగతావాళ్లు పనుల్లో, నేను ఫ్యాను కింద. తిరిగొచ్చేసరికి లీవు సున్నా. ఆ ఏడు నిజ శ్రావణంలో మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ ఫోన్‌లో చూశా. సరిగ్గా అక్షింతలు వేసేటప్పుడు బొమ్మ ఆగిపోయింది.

2025లో ఉండిపోయా. సాయంత్రం పొద్దుగూకే నమాజు మగ్రిబ్‌కు ముందు అరగంట రోడ్డెక్కకపోతే చాలు, అందరూ ఇఫ్తార్‌కు ఇల్లు చేరాలని బండ్లను విమానాల్లా తోలుతారు. ఒకరోజు ఇరుక్కుపోయా. ఎవరో కుర్రాడు కిటికీలోంచి పొట్లం అందించాడు: మూడు ఖర్జూరాలు, నీళ్ల సీసా, లబన్ అనే మజ్జిగ. నువ్వెవరు, ఉపవాసం ఉన్నావా అని అడగలేదు. ఆ ఏడు ఉగాది, ఈద్ రెండూ మార్చి 30నే వచ్చాయి. ఫోర్‌మన్ కహ్క్ బిస్కెట్ల డబ్బా ఇచ్చాడు, నేను ఉగాది పచ్చడి ఇచ్చా. ఒక చెంచా నోట్లో వేసుకుని, కాసేపాగి, "ఇది మందా?" అన్నాడు.

అయితే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. 2016లో జూన్ 6న మొదలైంది. అప్పుడైతే ఊరికి పొమ్మనేవాణ్ణే. ఇప్పుడది చలికాలంలోకి పోతోంది కాబట్టి నా ఓటు ఉండిపోవడానికే.

ఈద్ సెలవుల్లో పోయొస్తే? సెలవు మూడు రోజులు. టికెట్టు రేటు చూశాక మీరే ఆ మాట ఎత్తరు.

ఇదంతా కంపెనీ వీసావాళ్లకు. ఇళ్లలో పనిచేసే మన కడప, రాయచోటి ఆడవాళ్లకు లెక్క తలకిందులు. వాళ్లు ఆ కార్మిక చట్టంలోకే రారు. వాళ్ల కోసం 2015లో వచ్చిన చట్టం రోజుకు 12 గంటలు మించొద్దంటుంది. వంటింట్లో మాత్రం మధ్యాహ్నం ఇఫ్తార్ వంట మొదలు, రాత్రి ఘబ్గా విందు, ఆపైన తెల్లవారుజామున సహరీ తిండి, చివర్న కొండంత అంట్లు. వాళ్లు పోగలిగితే రంజాన్‌కు ముందే పోవాలి. పోనిచ్చే ఇల్లు దొరకడమే కష్టం, మనిషి అవసరం ఎక్కువపడేది ఆ నెలలోనే కదా. మా పక్క ఊరి అక్క ఒకామె కూతురి పెళ్లని షాబాన్‌లోనే అడిగింది. "ఈద్ అయ్యాక చూద్దాం" అన్నారట.