ఏడేళ్లుగా కెమెరా మీద నుంచి దిగని లెన్స్

కెనాన్ ఈఎఫ్-ఎస్ 24 ఎంఎం ఎఫ్/2.8 ఎస్‌టీఎం లెన్స్‌ని 2018 వేసవి సెలవుల్లో కొన్నాను. అప్పటి నుంచి నా 200డీ కెమెరా మీద దాదాపు ఎప్పుడూ ఇదే ఉంది. దీని షార్ప్‌నెస్ గురించి, రంగుల గురించి చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి వెళ్ళను. నాకు దీని మీద ఉన్న ప్రేమంతా దీని సైజు వల్ల వచ్చింది. మందం 22.8 మిల్లీమీటర్లు, బరువు 125 గ్రాములు. కొన్నప్పుడు ఈ అంకెల్ని నేను పట్టించుకోలేదు, తక్కువ ధరకి వస్తోందని తీసుకున్నాను. ఇప్పుడు కొత్త లెన్స్ కొందామని కూర్చుంటే అన్నిటికన్నా ముందు బరువు ఎంతో చూస్తున్నాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం పెద్ద కథే ఉంది.

నేను కాకినాడలో హైస్కూల్ పిల్లలకి లెక్కలు చెబుతాను. ఫొటోలు తియ్యడం నాకు జీతమిచ్చే పని కాదు. పొద్దున్న బయల్దేరేటప్పుడు నా సంచీలో లంచ్ బాక్స్, దిద్దాల్సిన పేపర్లు, నీళ్ళ సీసా ఉంటాయి. 200డీకి ఈ లెన్స్ తగిలిస్తే మొత్తం కలిపి 600 గ్రాములు కూడా ఉండదు. పాత తువ్వాలులో చుట్టి పేపర్ల పక్కన పెట్టేస్తాను. అంతకుముందు కెమెరాతో పాటు వచ్చిన కిట్ జూమ్ లెన్స్ వాడిన రోజుల్లో కెమెరాకి వేరే బ్యాగు ఉండేది, ఆ బ్యాగు పండక్కో పెళ్ళికో తప్ప ఇంట్లోంచి కదిలేది కాదు. ఈ లెన్స్ వచ్చాక కుంభాభిషేకం రేవులో పడవలు దిగే వేళకి కెమెరా నాతో ఉంది, బడి వదిలాక జగన్నాథపురం వంతెన దాటుతుంటే ఉంది, వాన వెలిసి రోడ్డు మెరుస్తున్నప్పుడు ఉంది. నాకు నచ్చిన నా ఫొటోలు లెక్కపెడితే ఎక్కువ భాగం ఇలా దారిలో దొరికినవే.

దీని సత్తా పూర్తిగా తెలిసింది మాత్రం ఉప్పాడలో. మా బడిలో చదివిన ఒక అమ్మాయి వాళ్ళ నాన్నగారు జాందానీ చీరలు నేస్తారు. ఆ ఇంట్లో ముందుగది అంతా గుంట మగ్గమే. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. మగ్గానికీ గోడకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నిలబడేంత చోటు మిగులుతుంది. నా దగ్గరున్న 50 ఎంఎం అక్కడ పెడితే ఒక మోచెయ్యీ కాస్త జరీ అంచూ తప్ప ఏమీ పట్టలేదు. లెన్స్ అంకె పెరిగేకొద్దీ దానికి కనిపించే మేర తగ్గుతుంది. 200డీ లాంటి చిన్న సెన్సర్ (బొమ్మని పట్టే పలక) మీద 50 అంటే పెద్ద సెన్సర్ మీది 80లా చూస్తుంది, 24 అంటే 38లా చూస్తుంది. ఇది తగిలించి గోడకి వీపు ఆనించి నిలబడితే మగ్గం, ఇద్దరు మనుషులు, పైనుంచి వేలాడే తాళ్ళు, కిటికీలోంచి పడుతున్న వెలుతురు, అన్నీ ఒకే ఫ్రేములోకి వచ్చాయి.

ఆ తర్వాత వంగి లెన్స్‌ని వాళ్ళ వేళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను. దీని కనీస ఫోకస్ దూరం 16 సెంటీమీటర్లు. ఆ కొలత సెన్సర్ నుంచి వేసేది కాబట్టి లెన్స్ ముందు భాగం నుంచి చూసుకుంటే తొమ్మిది సెంటీమీటర్లే, అంటే బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ. ఆ దగ్గరలో బుటా కోసం చిన్న జరీ పోగుని పడుగులోకి ఎలా దూరుస్తున్నారో ఒక్కో పోగూ విడివిడిగా కనిపించింది. అరగంట తీశాను. చివరికి కెమెరా సంచీలో పెడుతుంటే ఆయన తలెత్తి, "మొదలెట్టండి మాస్టారూ, మేం పని ఆపంలెండి" అన్నారు. అప్పటిదాకా నేను వెలుతురు చూసుకుంటున్నాననే అనుకున్నారట. పెద్ద లెన్స్ ఎత్తితే ఎవరైనా జుట్టు సవరించుకుని, చొక్కా సర్దుకుని కూర్చుంటారు. ఆ రోజు ఫొటోల్లో మనుషులు వాళ్ళ పనిలో వాళ్ళున్నారు. ఆ అరగంట కోసమే అయినా ఈ లెన్స్‌కి పెట్టిన డబ్బులు నాకు చాలు.

అప్పట్లో స్టాఫ్ రూములో కనిపించిన వాళ్ళందరికీ ఇదే కొనమని చెప్పేవాణ్ణి. ఇప్పుడు కొంచెం ఆచితూచి చెబుతాను. దీనికి స్టెబిలైజేషన్, అంటే చేతి వణుకుని సర్దే ఏర్పాటు, లేదు. ఎఫ్/2.8 రానిచ్చే వెలుతురు పగలు గదిలో సరిపోతుంది గానీ, రాత్రి ఒక్క బల్బు కింద ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) బాగా పెంచాలి, ముఖాల్లో నునుపు పోతుంది. వీడియో తీస్తే ఫోకస్ మోటారు చప్పుడు కెమెరా మైకులో సన్నగా వినబడుతుంది. ఫోకస్ రింగుకి లోపలి అద్దాలతో నేరుగా సంబంధం లేదు, అంతా మోటారే తిప్పాలి, అందుకే కెమెరా ఆఫ్‌లో ఉంటే ఎంత తిప్పినా ఏమీ కదలదు. బాగా దగ్గరికెళ్ళి మనిషి ముఖం తీస్తే ముక్కు పెద్దదవుతుంది, మా అమ్మాయి ఆ ఫొటోలు ఎవరికీ చూపించనివ్వదు. నా మాట విని కొన్న మా పీఈటీ సారు కబడ్డీ కోర్టు అవతలి నుంచి పిల్లల్ని తీద్దామని చూసి చాలా నిరాశపడ్డారు. ఆయన ఏం తియ్యాలనుకుంటున్నారో నేను ముందే అడగాల్సింది.

ఇక రెండో లెన్స్ సంగతి. 2021 డిసెంబరులో దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే ఒక 150-600 ఎంఎం జూమ్ కొన్నాను. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే జరిగిన దాంట్లో ఆ కంపెనీ తప్పు లేదు. కొల్లేరులో ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళినప్పుడు గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళ మీద రెక్కలు విప్పుతుంటే 24తో చుక్కల్లా వచ్చాయి. ఆ బాధతో కొన్నాను. ఆ చలికాలం రెండుసార్లు, తర్వాతి చలికాలం ఒకసారి వెళ్ళాను. పడవలోంచి తీసిన గూడబాతు పిల్లల ఫొటోలు, తల్లి సంచి నోట్లో తల పెట్టి తింటున్నవి, చాలా బాగా వచ్చాయి. ఆ లెన్స్‌ని తిట్టడానికి నాకు మనసొప్పదు. కానీ దాని బరువు దాదాపు రెండు కిలోలు. దాన్ని సంచీలో వేసుకుని బడికి వెళ్ళలేను. రేవుకి తీసుకెళ్తే నలుగురూ చుట్టూ చేరతారు. కాబట్టి మిగతా రోజులన్నీ అది మెత్తటి ఫోమ్ బ్యాగులో, బీరువా కింది అరలో, దుప్పట్ల పక్కన పడుకుంది.

2023 దసరా ముందు మా ఆవిడ ఆ అర ఖాళీ చేస్తూ, "ఏమండీ, మీ బ్యాగు ముక్కిన వాసనొస్తోంది" అంది. తీసి చూస్తే ముందు అద్దం శుభ్రంగానే ఉంది. మూత పెట్టబోతూ ఎందుకో ఫోను టార్చి వెనక నుంచి వేశాను. లోపల మూడో నాలుగో అద్దం మీద సన్నటి తెల్లటి పోగులు, ఒక మూల నుంచి మొదలై కొమ్మలు చీలుతూ మధ్యదాకా పాకి ఉన్నాయి. సాలెగూడు అనుకున్నాను మొదట. మన భాషలో సాలీడు అల్లిందీ బూజే, పచ్చడి మీద పట్టేదీ బూజే. నేను చూస్తున్నది రెండో రకం అని అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక ఆ రోజు అన్నం సహించలేదు. రెండేళ్ళు దాచుకుని కొన్న వస్తువు అది.

ఫంగస్‌కి కావలసినవి చెమ్మ, చీకటి, కదలని గాలి. గాలిలో తేమ 60 శాతం దాటి చాలా రోజులు నిలిస్తే దానికి సరిపోతుంది. కాకినాడలో వానాకాలం తేమ అంతకన్నా ఎంతో పైనే ఉంటుంది. అద్దం మీది సన్నటి దుమ్ము, వేలి జిడ్డు దానికి తిండి. పెరుగుతూ అది వదిలే ఆమ్లం అద్దం మీది కోటింగ్‌ని తినేస్తుంది. ఫోమ్ బ్యాగు దెబ్బల నుంచి కాపాడుతుందని నమ్మాను. అదే ఫోము చెమ్మని పీల్చుకుని లెన్స్ చుట్టూ నెలల తరబడి పట్టి ఉంచింది. లోపల వేసిన సిలికా జెల్ పొట్లాలు కొన్న రోజువే. అవి తేమతో నిండిపోయాక ఉన్నా లేనట్టే, ఆరబెట్టి మళ్ళీ వాడాలని నాకు అప్పుడు తెలియదు.

విజయవాడలో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. ఆయన టార్చి వేసి ఒక్కసారి చూసి, "ఎన్నాళ్ళు మూసిపెట్టారండి?" అని అడిగారు. వానాకాలమంతా అని చెప్పాను. "ముందు వైపు అద్దాల మీది బూజు పూర్తిగా పోతుందండి. లోపల ఒకదానికి కోటింగ్ దెబ్బతింది, బూజు తుడిచినా మరక ఉంటుంది" అన్నారు. అలాగే అయింది. 4,500 రూపాయలు, మూడు వారాలు. ఇప్పుడు ఆ లెన్స్‌తో సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తీస్తే ఏ తేడా తెలియదు. ఎదురెండలో తీస్తే మాత్రం ఫొటో అంతా పాలు కలిపినట్టు తేలిపోతుంది. కొల్లేరులో నేను వెళ్ళేదే తెల్లారగట్ల ఎదురు వెలుతురు కోసం.

బూజు కనిపించిన ఆ రాత్రే వణుకుతూ 24కి కూడా టార్చి వేశాను. అప్పటికి దానికి ఐదేళ్ళు, ఏ సిలికా జెల్ లేదు, ఉప్పాడ తీరంలో ఉప్పుగాలి తిన్నది, తువ్వాలు తప్ప దానికి గూడు లేదు. లోపల ఒక్క పోగు లేదు, రెండు దుమ్ము రేణువులు తప్ప. రోజూ బయటికి వస్తోంది, వెలుతురు చూస్తోంది, గాలి తగులుతోంది. మరుసటి నెల ఉప్పాడ వెళ్ళినప్పుడు ఈ మాట చెబితే మగ్గం ఆయన ఆశ్చర్యపోలేదు. "వానల్లో గుంటలోకి ఊట దిగుద్దండి. మగ్గం నెల్లాళ్ళు ఆగిందంటే చెక్కకి బూజెక్కేద్దండి, మళ్ళీ తుడిచి ఎండబెట్టి మొదలెట్టాలి" అన్నారు.

అంటే 24 గొప్పగా తయారైంది కాబట్టి బూజు పట్టలేదని నేను అనడం లేదు. దానికి తేమ నుంచి ఏ సీలింగూ లేదు. రింగు సందుల్లో ఉప్పు పేరుకుని ఒకసారి గరగరలాడింది కూడా, మెత్తటి బ్రష్‌తో చాలాసేపు శుభ్రం చెయ్యాల్సి వచ్చింది. రెండు నెలలు బీరువాలో పెడితే దానికీ అదే గతి పట్టేదేమో. చిన్నది కావడం వల్ల వాడాను, వాడటం వల్ల బతికింది. నాకు తెలిసినంతలో ఇంతే.

ఇప్పుడు కొనాల్సిన వాటి వరస మారింది. ఈ ఏడాది డబ్బులు చేతికి రాగానే మొదట లెన్స్ కొనలేదు, 30 లీటర్ల డ్రై క్యాబినెట్ (లోపలి తేమని అదుపులో ఉంచే పెట్టె) కొన్నాను. తేమని 45 శాతం దగ్గర పెట్టాను. మరీ తగ్గిస్తే లోపలి గ్రీజు, రబ్బరు ఎండిపోతాయంటారు కాబట్టి 40 కిందకి పోనివ్వను. అనంతపురంలో ఉండేవాళ్ళకి ఈ ఖర్చు అనవసరం కావచ్చు. సముద్రం పక్కన ఉండి, నెలకొకసారి మాత్రమే తీసే లెన్స్ ఇంట్లో ఉంటే ఇది కొనకుండా రెండో లెన్స్ జోలికి వెళ్ళొద్దని గట్టిగా చెబుతాను.

తర్వాతది బాడీ, అంటే కెమెరా. నా 200డీ షట్టరు ఈమధ్య అప్పుడప్పుడు పట్టేస్తోంది. కెనాన్ మిర్రర్‌లెస్‌కి (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరా) మారితే 24ని అడాప్టర్‌తో వాడుకోవచ్చు, అన్నీ బాగానే పనిచేస్తాయి. కానీ పాత మౌంట్‌లో (లెన్స్ తగిలించే చోటు) లెన్స్‌కీ సెన్సర్‌కీ మధ్య దూరం 44 మిల్లీమీటర్లు, మిర్రర్‌లెస్‌ల కొత్త ఆర్ఎఫ్ మౌంట్‌లో 20. ఆ మిగిలిన 24 మిల్లీమీటర్లు అడాప్టరే నింపాలి. అంటే 22.8 మిల్లీమీటర్ల లెన్స్‌కి దానికన్నా మందమైన అడాప్టర్. నేను ప్రేమించిన గుణమే పోతుంది.

ఆర్ఎఫ్‌లోనే 28 ఎంఎం ఎఫ్/2.8 పాన్‌కేక్ (పల్చటి లెన్స్) ఉంది, 2023లో వచ్చింది, 120 గ్రాములు. దాన్ని చిన్న సెన్సర్ ఉన్న ఆర్50 బాడీ మీద పెడితే 45లా చూస్తుంది, ఆ మగ్గం గదిలో అది చాలదు. 16 ఎంఎం పెడితే మరీ వెడల్పు. ఆర్8 లాంటి ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) బాడీ మీద 28 పెడితే గది మొత్తం వస్తుంది, బరువు కూడా నా ఇప్పటి జోడీకి దాదాపు సమానం, మూడు గ్రాములే తేడా. ఆ లెక్క చూసినప్పుడు చాలా సంతోషమేసింది. తర్వాత కనీస ఫోకస్ దూరం చూశాను, 23 సెంటీమీటర్లు. సెన్సర్ మీద పడే బొమ్మ 24తో అసలు సైజుకి 0.27 రెట్లు ఉంటే, దీంతో 0.17 దగ్గర ఆగిపోతుంది. జరీ పోగులు అలా కనిపించవు. దగ్గరికి వెళ్ళగలిగేది 35 ఎంఎం ఎఫ్/1.8 మ్యాక్రో, దానికి స్టెబిలైజేషన్ కూడా ఉంది, రాత్రి బల్బు కింద నా కష్టం తీరుతుంది. కానీ అది 305 గ్రాములు, పేపర్ల పక్కన పడుకునే మందం కాదు.

ప్రస్తుతానికి మొగ్గు ఆర్8, 28 వైపే ఉంది. అయితే ఫుల్‌ఫ్రేమ్ ధర నా జీతానికి బరువు, మా అమ్మాయి ఇంటర్ ఫీజు కట్టాకే ఆ మాట. అప్పటిదాకా 24తోనే గడుపుతాను. ఎవరైనా ఇప్పుడు ఈ లెన్స్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే, 200డీ లాంటి బాడీ ఇంకో మూడు నాలుగేళ్ళు వాడే ఉద్దేశం ఉంటే సంతోషంగా కొనమంటాను. ఈఎఫ్ లెన్స్ కెమెరా నుంచి తీసినా ఎపర్చర్ (వెలుతురు వెళ్ళే రంధ్రం) పూర్తిగా తెరిచే ఉంటుంది, కాబట్టి షాపులోనే వెనక నుంచి టార్చి వేసి, లెన్స్‌ని నెమ్మదిగా వంచి తిప్పుతూ ప్రతి అద్దం అంచూ చూడండి. మొహమాటపడకండి.

150-600ని అమ్ముదామంటే ఆ మరక సంగతి కొనేవాళ్ళకి చెప్పాలి, చెబితే వచ్చే ధర చూసి మనసు రాలేదు. క్యాబినెట్ పై అరలో పెట్టాను, ప్రతి ఆదివారం బయటికి తీసి అరగంట కిటికీ దగ్గర ఉంచుతున్నాను. ఈ డిసెంబరులో ఆటపాకకి మాత్రం రాజమండ్రిలో ఒక పెళ్ళి ఫొటోగ్రాఫర్ దగ్గర రెండు రోజులకి మంచి టెలీ లెన్స్ అద్దెకి మాట్లాడుకున్నాను.