ట్రయల్ ముగిసేదాకా ఆగడమా, బయట టెస్టు చేయించడమా?

భర్తో భార్యో హెపటైటిస్ సి మందు ట్రయల్‌లో చేరాక నన్ను అడిగేవాళ్లు చివరికి వచ్చేది ఒకే ప్రశ్నకి. "అసలు మందు ఇస్తున్నారో ఉత్త మాత్ర ఇస్తున్నారో చెప్పరట. బయట ల్యాబ్‌లో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో) చూపిస్తే తెలిసిపోతుంది కదా, చూపించమంటారా?" మా ఆయన ట్రయల్‌లో ఉన్నప్పుడు మా ఇంట్లోనూ ఈ వాదన చాలాసార్లు నడిచింది. మేం చూపించలేదు. అలాగని చూపించాలనేవాళ్ల మాటలో పస లేదనను.

ఇప్పటి నోటి మందులు పనిచేస్తే వైరస్ మొదటి వారంలోనే బాగా పడిపోతుంది. నెల తిరిగేసరికి చాలామందిలో టెస్టుకి దొరకనంతగా తగ్గుతుంది. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ కూడా దిగుతుంది. ట్రయల్ నడిపేవాళ్లు వైరల్ లోడ్ రిపోర్టును మనకే కాదు, చూసే డాక్టరుకీ కనపడనివ్వరంటే కారణం ఇదే. ఒక్కసారి రక్తం ఇస్తే టెన్షన్ పోతుందన్న ఆశ అర్థం చేసుకోదగ్గదే.

లక్షణాలను బట్టి ఊహించడం ఇంకో దారి. దానిమీద ఎక్కువసేపు ఆలోచించక్కర్లేదు. సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ అనే నోటి మందుల్ని కలిపి పరీక్షించిన ఆస్ట్రల్-1 ట్రయల్‌లో మందు వేసుకున్నవాళ్లలో 29 శాతం మందికి తలనొప్పి వస్తే, ప్లాసిబో, అంటే ఉత్త మాత్ర, వేసుకున్నవాళ్లలో 28 శాతం మందికి వచ్చింది. నీరసమైతే రెండు వైపులా 20 శాతమే. తల పట్టేసింది కాబట్టి అసలు మందే అనుకోవడం చిలక జోస్యం. మాత్ర విరిచి రుచి చూస్తామనేవాళ్లూ ఉన్నారు, వాళ్లకి నేను జవాబివ్వను.

టెస్టు సంగతికి వద్దాం. అది అన్ని ట్రయల్స్‌లోనూ మీ ప్రశ్నకి జవాబు చెప్పదు. మీ ట్రయల్‌లో డమ్మీ ఏది అన్నది ముందు చూసుకోవాలి. 2011లో అనుమతి పొందిన టెలాప్రెవిర్, బోసెప్రెవిర్ పరీక్షల్లో అప్పటి మామూలు చికిత్స అయిన పెగ్ ఇంటర్‌ఫెరాన్, రిబావిరిన్ అందరికీ ఇచ్చారు, డమ్మీ మూడో మందుకే. వైరస్ తగ్గినంత మాత్రాన ఆ మూడోది అసలుదేనని చెప్పలేం. పెర్ల్-3 అనే ట్రయల్‌లో ఇంకో రకం. అందులో అందరికీ అసలు మందులే, డమ్మీ రిబావిరిన్‌కి మాత్రమే. అది ఉన్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ దాదాపు 99 శాతం మందికి నయమైంది. అక్కడ వైరల్ లోడ్ చూసి ఏం కనిపెడతారు? రిబావిరిన్ కడుపులో బిడ్డకి హాని చేస్తుంది. మందు వేసుకునేది భర్త అయినా సరే, వాడుతున్నంత కాలం, ఆపాక ఇంకో ఆరు నెలలు (వేసుకునేది భార్యే అయితే తొమ్మిది నెలలు) గర్భం రాకుండా జాగ్రత్త పడమంటారు. బయటి రిపోర్టు చూసి "మనకిచ్చేది ఉత్తదే" అని తేల్చుకుని ఆ జాగ్రత్త వదిలేస్తే నష్టం ఎవరికో వేరే చెప్పాలా?

సరే, మీ ట్రయల్‌లో టెస్టు నిజం చెబుతుందనే అనుకుందాం. ఆ రిపోర్టు ముందు ఎవరి చేతికొస్తుంది? నా దృష్టిలో అసలు తేలాల్సింది ఇక్కడే. వైరస్ తగ్గలేదని వచ్చిందనుకోండి, చాలా ఇళ్లలో దాన్ని చూసేదీ, దాచేదీ ఆరోగ్యంగా ఉన్న మనిషే. ఆ రోజు నుంచి "నీరసంగా ఉంది, మందు లోపల పనిచేస్తోందేమో" అని ఆయన అంటే, అది ఉత్త మాత్రని తెలిసీ మీరు తలూపాలి. ఇద్దరికీ తెలిస్తే ఇంకో తంటా. ఉత్తదని తెలిసిన మాత్రని రోజూ మింగాలి, ప్రతి విజిట్‌లో నర్సు ముందు ఏమీ తెలియనట్టు కూర్చోవాలి. ఏమీ తెలియకపోవడం కష్టమే, కానీ అది ఇద్దరిదీ. మా ఆయనా నేనూ ఒకే ప్రశ్న ముందు కూర్చున్నాం, ఒకరి దగ్గర ఒకరు దాచాల్సింది ఏమీ లేదు. జబ్బు ఉన్న ఇంట్లో అంతకంటే ముఖ్యమైంది నాకు కనిపించలేదు.

తెలిశాక బాధల్ని చూసే తీరూ మారిపోతుంది. ఉత్త మాత్రే కదా అని ఆయాసాన్ని కొట్టిపారేస్తాం. అసలు మందైతే, ఇది మామూలే అని ఒంటిమీద దద్దుర్లని రెండు రోజులు చూస్తూ ఊరుకుంటాం. తెలియనప్పుడు ప్రతిదీ రాసిపెడతాం, ప్రతిదీ చెబుతాం.

మంచి రిపోర్టు వచ్చినా మీకు కావలసిన జవాబు అందులో ఉండదు. నయమైందనేది కోర్సు పూర్తయిన 12 వారాల తర్వాత కూడా వైరస్ కనపడకపోతేనే. మధ్యలో చూసుకున్నవాళ్లూ అప్పటిదాకా ఆగాల్సిందే.

కాబట్టి నా ఓటు ఆగడానికే. ఊరికే కూర్చుని కాదు, లోపలున్నది అసలు మందే అనుకుని మసలడం. వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ట్రయల్ సంగతి ముందే చెప్పాలి. సోఫోస్బువిర్ వేసుకుంటున్నవాళ్లకి గుండెలయ కోసం అమియోడరోన్ ఇస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఎసిడిటీ మాత్రలు వెల్పటాస్విర్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వవు. ట్రయల్ వాళ్లిచ్చే కార్డు మీద అత్యవసర నంబరు ఉంటుంది, దాని ఫొటో మీ ఫోన్‌లోనూ ఉంచుకోండి. వేసుకుంటున్నది ఏ మందు అన్నదానిమీదే చికిత్స ఆధారపడిన పరిస్థితి వస్తే, కోడ్ విప్పి అది చెప్పే ఏర్పాటు వాళ్ల దగ్గర ఉంటుంది.

లివర్ సిరోసిస్ ముదిరినవాళ్ల లెక్క వేరు. ప్లాసిబోతో కొన్ని వారాలు గడపడం వాళ్లకి తగునా కాదా అన్నది చేరకముందే లివర్ డాక్టరుతో తేల్చుకోవాల్సిన మాట.

ఇంత చెప్పినా ఆగలేకపోతే మానేసే దారి ఉంది. చాటుగా టెస్టు చేయించడం కంటే అదే మేలు. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే బయటికి రావచ్చు, సమ్మతి పత్రంలో ఆ మాట ఉంటుంది. కాకపోతే ఆస్ట్రల్-1లో ప్లాసిబో వచ్చినవాళ్లకి తర్వాత అసలు మందు తీసుకునే వీలిచ్చారు. మీ ట్రయల్‌లోనూ అలాంటి ఏర్పాటు ఉందా, మధ్యలో వచ్చేస్తే అది పోతుందా అన్నది సంతకం వెనక్కి తీసుకునే ముందు కోఆర్డినేటర్‌ని అడగండి.